ముత్యాల చుక్కల చేప

కొల్లేటి సీమవారికి చేపను గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్లే అవుతుంది. బొచ్చె, శీలావతి, కొర్రమీను, వాలుగ, మట్టగిడస, ఇంగిలాయి అనే పేర్లు అక్కడి పిల్లలకు అక్షరాలతో పాటు అలవడతవి. ఏ చేప ఏ కార్తెలో రుచిగా ఉంటుందో, ఏది పులుసుకు పనికివస్తుందో, ఏది వేపుడుకు మేలో ఏలూరు, కైకలూరు ఇల్లాండ్రను అడిగితే గడియసేపు చెప్పగలరు. చెరువు గట్టున నిలబడి నీటి రంగు చూచి లోపలి చేప ఆరోగ్యం చెప్పగలిగిన రైతులు ఆ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయినా ఆ ఇండ్లలోనే ముందుగదిలో ఒక గాజుతొట్టి అమర్చుకొనవలెనని కోరిక పుట్టినప్పుడు, ఆ తొట్టిలోకి వచ్చే చేప మాత్రం ఏ దూరదేశపుదో అయి ఉంటుంది.

ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో అలంకారపు చేపలమ్మే దుకాణానికి వెళ్ళి చూడండి. బంగారు చేప పుట్టినిల్లు చైనా. ఏంజెల్ చేప, ఆస్కార్ చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతానివి. నుదుట పెద్ద బొప్పితో, ఎర్రటి వంటితో కనిపించే ఫ్లవర్‌హార్న్ అయితే ఏ నదిలోనూ పుట్టినది కాదు. 1990 తరువాత ఆగ్నేయాసియాలోని పెంపకందారులు వేర్వేరు జాతులను సంకరం చేసి దానిని సృష్టించారు. ఇందులో విశేషమేమంటే, ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ మూడూ ఒక్క కుటుంబానికి చెందినవే. దానిని సిక్లిడ్ కుటుంబమంటారు. ఆ కుటుంబంలో మన దేశానికే సొంతమైన శాఖ ఒకటి ఉన్నది. అందులో ఒక చేప మన తీరపు నీళ్ళకు అనువుగా, సాధుస్వభావంతో, కంటికి ఇంపుగా ఉంటుంది. దానిని ఇంట పెంచుకొనే విధానాన్ని గురించీ, పెంచుకొనేవారి మీద ఉన్న ఒక బాధ్యతను గురించీ ఈ ప్రసంగంలో కొన్ని మాటలు చెప్పదలచుకొన్నాను.

సిక్లిడ్ కుటుంబంలో శాస్త్రజ్ఞులు ఇంతవరకు 1,600కు పైగా జాతులను వర్ణించారు. వాటిలో అత్యధిక భాగం ఆఫ్రికా సరస్సులలోనూ, మధ్య, దక్షిణ అమెరికా నదులలోనూ ఉన్నవి. భారతదేశానికి సహజమైనవి మూడంటే మూడే. మొదటిది ఎట్రోప్లస్ సురాటెన్సిస్. ఇంగ్లీషులో దీనిని పెర్ల్‌స్పాట్ అనీ, గ్రీన్ క్రోమైడ్ అనీ పిలుస్తారు. కేరళీయులు కరిమీన్ అంటారు. 2010లో కేరళ ప్రభుత్వం దీనిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది. రెండవది దీనికంటె చిన్నది, ఆరెంజ్ క్రోమైడ్. మూడవది కర్ణాటక పడమటి నదులలో మాత్రమే కనిపించే అరుదైన జాతి. మొదటి రెండింటికీ శాస్త్రనామాలు పెట్టినవాడు బెర్లిన్ నగరపు వైద్యుడు బ్లాక్. పెద్దదానిని 1790లోనూ, చిన్నదానిని 1795లోనూ వర్ణించాడు. పెద్దదాని శాస్త్రనామంలో సూరత్ పట్టణం పేరు ధ్వనిస్తున్నది గాని, దాని అసలు నెలవు దక్షిణ భారతపు తీరమూ, శ్రీలంకా. మన తూర్పుతీరాన పులికాట్ సరస్సులోనూ, ఒడిశాలోని చిల్క సరస్సులోనూ ఇది పేరుపొందిన చేప.

ఈ భారతీయ సిక్లిడ్లకు అతి దగ్గరి చుట్టాలు ఎక్కడ ఉన్నవనుకొన్నారు? హిందూమహాసముద్రానికి ఆవల మడగాస్కర్ దీవిలో. సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూఖండమూ, మడగాస్కరూ ఒకదానితో ఒకటి అతుక్కొని ఉండి, తరువాత విడిపోయినవి. ఆ భూములు విడివడినప్పుడే ఈ చేపల పూర్వులు కూడ వేరుపడినవని ఒక వాదం. కాదు, ఉప్పునీటికి ఓర్వగలిగిన ఈ చేపలు ఆ తరువాతి కాలంలో సముద్రాన్ని దాటి వచ్చినవని మరొక వాదం. ఆ చర్చ ఎట్లా తేలినా, దుకాణంలో ఆస్కార్ పక్కన పెట్టదగిన ప్రాచీన వంశపు చేప మన తీరంలో ఉన్నదనే మాటకు లోటు లేదు.

ముందుగా రూపం. ముత్యాల చుక్కల చేప దేహం పక్కలకు నొక్కినట్లు పలుచగా, గుండ్రటి తమలపాకు ఆకారంలో ఉంటుంది. వంటి రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ. ప్రతి పొలుసు మీదా ముత్యపు పొడి చిలికినట్లు తెల్లని చుక్క మెరుస్తుంది. నిలువుగా కొన్ని నల్లని పట్టెలుంటవి. బాగా పెరిగితే సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు పొడవు. సహజమైన నీటిలో 40 సెంటీమీటర్ల వరకు పెరిగినవి కూడ కలవు. చిన్నదైన ఆరెంజ్ క్రోమైడ్ 8 సెంటీమీటర్లకు మించడం అరుదు. పసుపు పచ్చని వంటి మీద వరుసలు తీరిన నారింజ రంగు చుక్కలు, నడుమ ఒక నల్లని మచ్చ దాని గుర్తులు. ఇరుకైన ఇండ్లలో ఉండేవారు చిన్నదానితో ప్రారంభించడం మేలు. స్థలమూ, ఓపికా ఉన్నవారు పెద్దదానిని పెంచవచ్చును.

ఈ చేపలు పుట్టి పెరిగే నీరు ఎటువంటిదో తెలిస్తే తొట్టిలో సగం పని తెలిసినట్లే. నదులు సముద్రంలో కలిసే చోట్ల, కయ్యలలో, తీరపు సరస్సులలో నీరు ఏడాది పొడుగునా ఒక్క తీరుగా ఉండదు. కొల్లేటినే చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏరులూ, లెక్కకు మించిన మురుగు కాలువలూ వచ్చి పడతవి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానకాలంలో నీరు తియ్యగా ఉంటుంది. ఎండకాలంలో సరస్సు మట్టం తగ్గినప్పుడు సముద్రపు పోటు ఉప్పుటేటి వెంట ఎగదన్నుతుంది. ఇట్లా తీపీ ఉప్పూ మారే నీళ్ళలో బతకడానికి తగిన శరీరం ముత్యాల చుక్కల చేపకు ఉన్నది. మంచినీటిలోనూ ఉండగలదు, కొంచెం ఉప్పదనం ఉంటే మరింత ఆరోగ్యంగా ఉంటుంది.

ఇందువల్ల ఆ ప్రాంతపు గృహస్థులకు ఒక సౌకర్యమున్నది. కొల్లేటి చుట్టుప్రక్కల ఊళ్ళలో చాలచోట్ల బోరునీరు కొంచెం ఉప్పగా, గట్టిగా ఉంటుంది. పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. ఏంజెల్ వంటి అమెజాన్ చేపలకు ఆ నీరు పడదు. మన చేపకు అదే అనుకూలం. త్రాగడానికి పనికిరాదని పారబోసే నీరు దీనికి పుట్టింటి నీటి వంటిది. ఏలూరు పట్టణంలో వలె కాలువనీటిని చెరువులలో నిలవచేసి, శుద్ధిచేసి కుళాయిలకు పంపే చోట మరొక జాగ్రత్త అవసరం. ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది సూక్ష్మజీవులను చంపినట్లే చేప మొప్పలను కూడ కాల్చివేస్తుంది. నీటిని వెడల్పు మూతి గల పాత్రలో ఒక పగలూ ఒక రాత్రీ ఆరుబయట ఉంచినట్లయితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరగా కావలసినవారు దుకాణాలలో దొరికే హైపో పలుకులను తగు మోతాదులో వాడవచ్చును.

ఉప్పు వేయదలచినవారు మామూలు అయొడిన్ ఉప్పు గాక, సముద్రపు గళ్ళ ఉప్పు తీసుకొనవలెను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన తొట్టికి లీటరుకు 3 నుంచి 5 గ్రాములు చాలును. బోరునీరు ముందే ఉప్పగా ఉంటే ఆ మేరకు తగ్గించుకొనవలెను. ఇక్కడ ఒక లెక్క తప్పరాదు. తొట్టిలో నీరు ఆవిరి అయినప్పుడు ఉప్పు ఆవిరి కాదు, లోపలే మిగిలిపోతుంది. కాబట్టి తరిగిన నీటికి బదులు పోసేది మంచినీరే కావలెను. పాతనీటిని తోడివేసి కొత్తనీరు పోసినప్పుడు మాత్రమే ఉప్పు కలపవలెను. ఈ భేదం పాటించని ఇండ్లలో నెల తిరిగేసరికి తొట్టినీరు ఉప్పుమడి అవుతుంది.

తొట్టి పరిమాణం విషయంలో పిసినారితనం పనికిరాదు. చిన్న క్రోమైడ్ల జంటకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి కనీసపు కొలత. అందులో 57 లీటర్ల వరకు నీరు పడుతుంది. ముత్యాల చుక్కల చేప పెరిగిన తరువాత దానికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కావలెను. అందులో నీరే 255 లీటర్లు. గాజూ, ఇసుకా, రాళ్ళూ కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. అంటే 75 కిలోల ధాన్యపు బస్తాలు నాలుగు ఒక్కచోట దింపినట్లు. కాబట్టి పాత బల్ల మీదా, పుస్తకాల అరమీదా పెట్టరాదు. ఇనుప చట్రం చేయించి, మట్టం సరిచూచి, చట్రానికీ గాజుకూ మధ్య మెత్తని పలక పరచి నిలపవలెను. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే నీరు పచ్చబడుతుంది. రేడియో పక్కన కూడ పెట్టవద్దని నా మనవి. పాటలు మనకు ఇంపైనవే గాని, ధ్వని కంపనాలు నీటిలో మరింత వేగంగా ప్రయాణం చేసి చేపలను బెదరగొడతవి.

అడుగున శుభ్రంగా కడిగిన ఏటి ఇసుక రెండంగుళాల మందాన పరచండి. అందులో కొన్ని ఆలిచిప్పలూ, గుల్లలూ కలపండి. అవి నెమ్మదిగా కరుగుతూ నీటిలోని గట్టిదనాన్ని నిలుపుతవి. రెండు మూడు పలక రాళ్ళు, అడ్డంగా పగిలిన కుండ సగం ముక్క చేపలు దాగడానికీ, గుడ్లు పెట్టడానికీ పనికివస్తవి. మొక్కల మీద మక్కువ పెట్టుకొనవద్దు. పెద్ద క్రోమైడ్ శాకాహారం మీద ప్రీతి గలది. మీరు నాటిన లేత మొక్కను సాయంత్రానికి మోడు చేస్తుంది. ఉప్పునీటిలో మంచినీటి మొక్కలు ఎట్లాగూ నిలవవు.

ఇక తొట్టి పెంపకంలో అసలు కిటుకు. కొత్త తొట్టిలో చేపలు వారం తిరగకుండా చనిపోవడం చాల ఇండ్లలో జరుగుతున్నది. పిల్లలు ఏడుస్తారు, పెద్దలు దుకాణందారును నిందిస్తారు, తొట్టి అటక ఎక్కుతుంది. కారణం కంటికి కనిపించదు. చేప విసర్జించే మలినాలనుంచి అమోనియా పుడుతుంది. అది విషం. ఒక రకపు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తవి. అదికూడ విషమే. మరొక రకపు జీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తవి. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు. ఈ రెండు రకాల జీవులూ ఇసుకలో, రాళ్ళలో, వడపోత యంత్రంలోని స్పాంజిలో స్థిరపడి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టి చూపులకు నిర్మలంగా ఉన్నా, చేపకు పనికివచ్చే నీరు కాదు.

ఈ ఆలస్యాన్ని తగ్గించే ఉపాయం మన వంటింట్లోనే ఉన్నది. పాలు పెరుగు కావడానికి తోడు వేస్తాము గదా! అట్లాగే ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టినుంచి కొంచెం ఇసుకో, వడపోత స్పాంజి ముక్కో తెచ్చి కొత్త తొట్టిలో వేస్తే జీవులు త్వరగా వ్యాపిస్తవి. అయినా మొదట రెండు చిన్న చేపలతో ప్రారంభించి, నెల గడిచిన తరువాత మిగిలినవాటిని చేర్చడం క్షేమం. స్పాంజిని కుళాయి కింద కడగరాదు. క్లోరిన్ ఆ జీవులనే చంపివేస్తుంది. తొట్టినుంచి తోడిన పాత నీటిలోనే ఒకసారి పిండి మళ్ళీ అమర్చవలెను.

వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మార్చడం నియమంగా పెట్టుకొనండి. మన చేపకు ఇష్టమైన క్షారగుణం గల నీటిలోనూ, మన ఎండల వేడిలోనూ అమోనియా విషగుణం మరింత పెరుగుతుంది. ఇతర చేపలు పెంచేవారికంటె మనకు ఈ నియమం ఎక్కువ అవసరం. ఆక్వా రైతుల ఇండ్లలో అమోనియా పరీక్షించే మందు సీసాలు ఉండనే ఉంటవి. చెరువుకు పెట్టే పరీక్షనే నెలకు రెండుమార్లు ఇంటి తొట్టికి కూడ పెట్టవచ్చును.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ప్రాంతం మనది. ఈ చేపకు 24 నుంచి 29 డిగ్రీల వేడి సుఖం. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించదు. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్ళు తెరచుకొని పైకి తేలడం చూచినవారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. తొట్టికి మూతగా గాజుపలక గాక వల అమర్చి, చిన్న విసనకర్ర యంత్రంతో నీటి పైభాగం మీద గాలి ఆడేటట్లు చేస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మంచుగడ్డలు వేయడం తగదు. ఉన్నట్టుండి చల్లబడడం కూడ చేపకు దెబ్బే. తుపాను రోజులలో కరెంటు పోయినప్పుడు మేత ఆపివేయండి. చెంబుతో నీటిని తీసి జానెడు ఎత్తునుంచి తిరిగి తొట్టిలోనే పోస్తుండండి. గంటకు పది నిమిషాలు ఇట్లా చేస్తే చేపలు గండం గడుస్తవి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట ఉంచుకొంటే మరీ మంచిది.

ఆహారం విషయంలో పెద్దదానికీ చిన్నదానికీ రుచులు వేరు. ముత్యాల చుక్కల చేప ప్రకృతిలో దారపుపోగుల వంటి నాచునూ, నీటి మొక్కలనూ మేస్తుంది. ఉడికించిన పాలకూర, దోసముక్క, బఠాణీ గుజ్జు దానికి ప్రీతి. చిన్న క్రోమైడుకు పురుగులూ, సన్నని రొయ్యజాతి జీవులూ ఇష్టం. దోమపిల్లలు దొరికితే పండుగే. కాని మురుగుగుంటలనుంచీ, పురుగుమందులు చల్లిన పొలాల కాలువలనుంచీ మేత పట్టితేరాదు. ఉప్పు తగలని ఎండురొయ్య పొడి చిటికెడు, దుకాణంలో దొరికే గుళికలు కొంచెం, వీటితో సరిపుచ్చవచ్చును. రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాలలో తినగలిగినంతే వేయవలెను. అన్నం మెతుకులూ, బిస్కెట్లూ నిషిద్ధం. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ముచ్చటపడి చిటికెడు వేయడం వల్ల చచ్చే చేపలే ఎక్కువ. వారానికొకనాడు ఏకాదశి ఉంచినా వాటికి నష్టం లేదు.

స్వభావంలో ఇవి సిక్లిడ్ కుటుంబానికే మర్యాద తెచ్చిన చేపలు. ఆస్కార్ తన నోటికి పట్టిన దానినల్లా మింగుతుంది. ఫ్లవర్‌హార్న్ మరొక చేపను దగ్గరకు రానీయదు. మన క్రోమైడ్లు అయిదారు కలిసి గుంపుగా ఉంటే ధైర్యంగా తిరుగుతవి. ఒంటరిగా ఉంటే మూల చేరి రంగు మాసిపోతవి. అందుచేత చిన్నతనంలో అయిదారింటిని ఒక్కసారే తేవడం మంచిది. కొంచెం ఉప్పునీటికి ఓర్చుకొనే మోలీ చేపలు వీటికి తగిన తోడు. కొత్తగా తెచ్చిన వాటిని రెండు మూడు వారాలు వేరొక పాత్రలో ఉంచి, తెల్లని పొక్కులూ, రెక్కల చివుళ్ళ కుళ్ళూ లేవని తేల్చుకొన్న తరువాతనే తొట్టిలో వదలండి.

ఇక వీటి సంసారం. ఆడ మగ తేడా పైకి కనిపించదు. గుంపులో రెండు చేపలు ఎప్పుడూ కలిసి తిరుగుతూ ఒక రాయిని నోటితో శుభ్రం చేయడం మొదలుపెడితే జంట కుదిరిందన్నమాట. చిన్న క్రోమైడ్ రాయి మీదనో కుండపెంకు మీదనో రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క గుడ్డూ సన్నని పోగుతో రాతికి అంటుకొని ఊగుతూ ఉంటుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకొని రెక్కలతో విసరుతవి. సుమారు అయిదు రోజులకు పిల్లలు బయటపడతవి. పెద్దవి ఇసుకలో గుంటలు తవ్వి, పిల్లలను నోటపట్టి అందులో చేర్చి, ఒక గుంటనుంచి మరొక గుంటకు మార్చుతూ కాపాడుతవి.

పిల్లలు ఈదనేర్చిన తరువాత కనిపించే దృశ్యం శాస్త్రజ్ఞులను కూడ ఆకర్షించింది. పిల్లలు మాటిమాటికీ వచ్చి తల్లిదండ్రుల పక్కలను తాకి పోతుంటవి. చేప వంటి మీద ఉండే జిగురును అవి ఆహారంగా తీసుకొంటున్నవని 1967లో ప్రచురితమైన పరిశోధన వివరించింది. పాలిచ్చే జంతువులకు మాత్రమే పరిమితమనుకొనే మాతృధర్మానికి దగ్గరైనది చేపలలో కూడ ఉన్నదన్నమాట. పైగా ఇక్కడ తండ్రికి కూడ అందులో పాలున్నది.

పెద్ద క్రోమైడుకూ చిన్న క్రోమైడుకూ ఉన్న సంబంధం మరీ చిత్రమైనది. చిన్నవి పెద్దవాటి రెక్కలనుంచీ, వంటినుంచీ పరాన్నజీవులను ఏరి తింటవని 1972లో వెలువడిన పరిశోధన తెలిపింది. పెద్ద చేప కదలక మెదలక నిలిచి, చిన్నదానిని ఆ పని చేయనిస్తుంది. ఇంతటి స్నేహం చూచి సంతోషించేలోగా మరొక సంగతి బయటపడింది. అదే చిన్న చేప, అదను చూచి, పెద్దదాని గుడ్లనూ, పసిపిల్లలనూ కాజేస్తుందని శ్రీలంకలో గమనించారు. మంత్రసానియే దొంగ అయినట్లు! ఈ రెండు జాతులనూ ఒక్క పెద్ద తొట్టిలో పెంచదలచినవారు ఇది తెలుసుకొని, గుడ్ల కాలంలో వేరుచేయవలెను. పెద్ద క్రోమైడ్ ఇంటి తొట్టిలో గుడ్లు పెట్టడం అరుదు. దానికి విశాలమైన చెరువు కావలెను.

ఇంతవరకు తొట్టి లోపలి సంగతులు చెప్పుకొన్నాము. తొట్టి బయటి సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. మనసు విరిగిన నాడు, లేదా ఉద్యోగరీత్యా ఊరు మారవలసిన నాడు, తొట్టిలోని చేపలను ఏమి చేస్తున్నారు? చంపడానికి చేతులు రాక, పుణ్యమని తలచి, దగ్గరి కాలువలో వదలుతున్నారు. ఆ కాలువ తమ్మిలేటిలోకో, మురుగు డ్రెయిన్‌లోకో, చివరకు కొల్లేటిలోకో చేరుతుంది.

అలంకారంగా వచ్చిన పరదేశి ఏమి చేయగలదో కొల్లేటివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గుర్రపుడెక్క బ్రెజిల్ ప్రాంతపు మొక్క. దాని ఊదారంగు పూల అందానికి ముచ్చటపడి తెచ్చినదే అది. ఈనాడు మన కాలువలనూ సరస్సులనూ కప్పివేసి పడవను కదలనీయకున్నది. తొట్టి గాజును నాకి శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా చేపకు ఈనాడు మన ఆక్వా రైతులు పెట్టిన పేరు దెయ్యం చేప. దాని ఒళ్ళంతా కవచం. ముళ్ళు వలలను చింపుతవి. అది గట్లకు బొరియలు చేస్తుంది. కొనేవారు లేరు, తినే పక్షి కూడ కష్టం మీద తినవలసిందే. క్రోమైడ్లకు దాయాది అయిన తిలాపియాను 1952లో ఆఫ్రికా సంతతినుంచి మన దేశానికి తెచ్చారు. జిలేబీ చేప అని కూడ పిలిచే ఆ చేప పిల్లలను తల్లి నోటిలోనే దాచి పెంచుతూ, తరచుగా ఈనుతూ, చిన్న చెరువును నెలల వ్యవధిలో తన సంతతితో నింపి తక్కిన జాతులకు మేత లేకుండా చేయగలదు. ఆఫ్రికా మార్పు చేప పెంపకాన్ని 2000లో దేశంలో నిషేధించవలసి వచ్చింది.

కొల్లేరు ఇప్పటికే ఎన్నో దెబ్బలు తిన్న సరస్సు. 1999లో దానిలో అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసర్ జాబితాలో చేర్చారు. 2006లో సరస్సు గర్భంలోని చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. ఆ నిర్ణయాలవల్ల బ్రతుకు తెరువు కోల్పోయిన వారున్నారు. ఆ వివాదాలు ఈనాటికీ తీరలేదు. ఆటపాక దగ్గరకు ఏటేటా వచ్చే గూడబాతులకూ, కిక్కిస పొదలలో వలలు వేసే బెస్తవారికీ, సరస్సులో సహజమైన చేప మిగలడం సమానంగా అవసరం. ఇందులో ప్రభుత్వం చేయవలసినది ఎంతో ఉన్నది. కాని గృహస్థుడు చేయగలిగినది కూడ ఒకటున్నది: తన తొట్టిలోని పరదేశపు చేపను కాలువ గడప దాటనీయకుండడం.

అట్లాగని మన చేప గనుక వదలవచ్చునా అంటే, అదికూడ తగదు. తొట్టిలో పెరిగిన చేప రోగాలను మోసుకొనిపోయి సరస్సులోని దాని జ్ఞాతులకు అంటించవచ్చును. వద్దనుకొన్న చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకొనే మరొకరికి ఇవ్వండి. చనిపోయిన చేపను పెరటిలో చెట్టు పాదులో పూడ్చండి, కాలువలో వేయవద్దు. తొట్టినీటిని కూడ మురుగులో పారబోయక, ఉప్పు లేనిదైతే పూలమొక్కలకు పోయండి, బాగా కాస్తవి.

మరొక మాట. మన చేప అని చెప్పినందువల్ల వల తీసుకొని కొల్లేటికీ, పులికాట్‌కూ బయలుదేరనవసరం లేదు. అభయారణ్యంనుంచి అనుమతి లేకుండా పట్టరాదు. పట్టి తెచ్చిన పెద్ద చేపలు తొట్టిలో ఇమడవు కూడ. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి మత్స్యపెంపక సంస్థ ముత్యాల చుక్కల చేప పిల్లల ఉత్పత్తికి పద్ధతులు రూపొందించింది. కేరళలో కుటుంబాలు ఇంటి పెరటి గుంటలలోనే ఈ పిల్లలను పెంచి అమ్ముతున్నవి. కోట్లకొద్దీ బొచ్చె, శీలావతి పిల్లలను పెంచి దేశమంతటికీ పంపుతున్న మన కైకలూరు, భీమవరం ప్రాంతాల వారికి ఇది చేతకాని విద్య కాదు. కొనేవారు అడగడం ప్రారంభిస్తే అమ్మేవారు తప్పక పుడతారు. దుకాణంలో ఫ్లవర్‌హార్న్ ఖరీదు అడిగే ముందు, పెంపకంలో పుట్టిన క్రోమైడ్ పిల్లలను తెప్పించగలరా అని ఒక్క ప్రశ్న వేసి చూడండి.

తొట్టి కొనే రోజుననే చేపలు కూడ కొనవద్దు. ముందు తొట్టి నింపండి, తోడు వేయండి, నెల రోజులు ఓపిక పట్టండి. ఆ నెలలో ఇంటి పిల్లలచేత ప్రతి ఆదివారం నీటి వేడిని కొలిపించి ఒక పుస్తకంలో వ్రాయించండి. చేపలు వచ్చేసరికి వారికి నీటిని చదవడం వచ్చి ఉంటుంది. ఆ తరువాత ఇంటి వెనుక కాలువ రంగు మారిననాడు కూడ ఆ సంగతి వారి కంటబడుతుంది.